పెట్టిన పేరు మీద మనసు నిలవనప్పుడు

బిడ్డ పేరేమిటని ఎవరైనా అడిగినప్పుడు కొందరు తల్లిదండ్రులు పేరు చెప్పి ఊరుకోలేరు. "ఇంకా అలవాటు కాలేదండీ" అనో, "ఇంట్లో మాత్రం వేరేగా పిలుస్తున్నాం లెండి" అనో అడగని సంజాయిషీ ఒకటి వెంట జోడిస్తారు. ఇంకొందరు నెలలు గడిచినా "పాప", "బాబు", "బుజ్జి" అని తప్ప పెట్టిన పేరుతో పిలవరు. ఏదైనా ఫారం నింపవలసి వచ్చి ఆ పేరు రాస్తుంటే, పక్కింటివారి బిడ్డ పేరు రాస్తున్నట్టు ఉంటుంది. ఎన్నాళ్లో వెతికి, వాదించుకుని, చివరికి ఊరందరికీ చెప్పేసిన తరువాత పుట్టే ఈ సందేహాన్ని పైకి చెప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు. సిగ్గుపడవలసిన పనేమీ లేదు గాని, దాన్ని ఏళ్ల తరబడి లోపలే మోయడం మాత్రం మంచిది కాదు. మీ బిడ్డ పేరు మార్చాలో వద్దో నేను చెప్పలేను. ఆ ప్రశ్నను ఎలా పరిశీలించాలో, ఏ క్రమంలో తేల్చుకోవాలో, తేల్చుకున్నాక ఏమేమి చేయాలో చెప్పగలను. నా అభిప్రాయం ఒకటి ముందే బయటపెడతాను: పేరు మార్చుకున్నవారూ కుదుటపడతారు, ఉంచుకున్నవారూ కుదుటపడతారు, ఎటూ తేల్చక తలుపు ఓరగా తెరిచి పెట్టుకున్నవారే ఎక్కువకాలం నలుగుతారు.

మొదటి రెండు వారాలు

కాన్పు అయిన మొదటి రెండు వారాలలో కలిగిన అసంతృప్తిని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, దాన్ని పట్టుకుని నిర్ణయం మాత్రం తీసుకోకండి. ఆ రోజులలో తల్లి శరీరంలో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, నిద్ర ముక్కలు ముక్కలవుతుంది, కారణం లేకుండానే కన్నీళ్లు వస్తాయి. చాలామంది బాలింతలలో కనిపించే ఈ దిగులు సాధారణంగా రెండు వారాలలో తనంతట తానే తగ్గిపోతుంది. అప్పుడు మనసుకు ఏది ఆనుకుంటే అదే తప్పుగా తోస్తుంది. ఊయల రంగు తప్పు, ఇల్లు తప్పు, పేరు తప్పు. పేరుకు మాత్రం ఒక ప్రత్యేకత ఉంది: అది రోజంతా వినపడుతూనే ఉంటుంది కనుక దిగులు దాని మీద సులువుగా వాలుతుంది.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, పేరు గురించిన ఆలోచన నిద్ర పట్టనివ్వకపోతే, "ఒక్క పేరు కూడా సరిగ్గా పెట్టలేని తల్లిని" అన్న మాట మనసులో తిరుగుతూ ఉంటే, పేరు సంగతి పక్కన పెట్టి ముందు వైద్యులను కలవండి. కాన్పు తరువాత వచ్చే మానసిక కుంగుబాటును గుర్తించడానికి 1987లో ఎడిన్‌బరో పేరుతో రూపొందించిన పది ప్రశ్నల పట్టికను నేటికీ అనేక దేశాలలో వాడుతున్నారు; దాన్ని నింపడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ కుంగుబాటుకు చికిత్స ఉంది, పేరు మార్చినంత మాత్రాన అది పోదు. తండ్రులకు కూడా ఈ దశలో కుంగుబాటు రావచ్చునన్న సంగతి చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు.

కుంగుబాటు లేకపోయినా ఆగడానికి మరొక కారణం ఉంది. సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో ప్రచురించిన ప్రయోగాలలో, అర్థం లేని పదాలను, అంతకుముందెన్నడూ చూడని లిపి అక్షరాలను మనుషులకు పదే పదే చూపించినప్పుడు, ఎక్కువసార్లు చూసినవే వారికి ఎక్కువ నచ్చాయి. పరిచయమే ఇష్టాన్ని పెంచుతుందన్న మాట. పుట్టిన బిడ్డ పేరు మొదట్లో అచ్చం అలాంటి పరిచయం లేని పదమే. ఆ పేరుకు ఇంకా ఒక ముఖం లేదు, నవ్వు లేదు, అల్లరి లేదు. రోజుకు యాభైసార్లు పిలిచాక గాని అది ఆ బిడ్డది కాదు. కాబట్టి పేరు బాగాలేదని దాన్ని నోటితో అనడమే మానేసినవారు ఆ పేరుకు అలవాటయ్యే అవకాశమే ఇవ్వలేదని గుర్తించాలి. అయితే మొదటినుంచే గట్టి అయిష్టం ఉన్నచోట ఈ సూత్రాన్ని నమ్ముకోలేం. నచ్చని పాటను పదిసార్లు వింటే పదోసారికి మరింత విసుగు పుట్టడం అందరికీ తెలిసిందే.

అసలు ఏది నచ్చలేదు?

ఒక నెల గడిచినా అసంతృప్తి అలాగే ఉంటే, అది దేని గురించో ఒకే ఒక్క వాక్యంలో రాయండి. "పేరు నచ్చలేదు" అన్న వాక్యం చెల్లదు. ఎందుకు నచ్చలేదో అందులో ఉండాలి. ఈ పని తేలిక అనిపిస్తుంది గాని, చాలామంది మూడు నాలుగు కాగితాలు చించాక గాని అసలు వాక్యానికి చేరుకోరు.

"అందరూ తప్పుగా పలుకుతున్నారు, తప్పుగా రాస్తున్నారు" అన్నది ఆ వాక్యమైతే, అది పరిష్కారం ఉన్న సమస్య. సైమన్ లాహమ్ తదితరులు 2012లో ప్రచురించిన పరిశోధనలో, పలకడానికి సులువైన పేర్లున్నవారి పట్ల ఎదుటివారికి కొంత సుముఖత ఎక్కువగా కనిపించింది. కనుక ఉచ్చారణ ఇబ్బంది గురించిన మీ ఆందోళన ఊహ మాత్రమే కాదు. కాని కొత్త పేరు విన్నవారు మొదటిసారి తడబడటం వేరు, పదోసారి కూడా తడబడటం వేరు. రెండోసారికి సరిగ్గా పలుకుతున్నారంటే పేరులో దోషం లేదు.

"ఎక్కడ చూసినా ఇదే పేరు వినిపిస్తోంది" అన్నది మరొక సాధారణ ఫిర్యాదు. మీరు పేరు ఎంచుకున్న కాలంలో అదే గాలి వేలమంది తల్లిదండ్రులకు సోకి ఉంటుంది కనుక ఇది సహజం. పైగా మన బిడ్డ పేరు మన చెవికి తగిలినంతగా మరొక పేరు తగలదు కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువమందికి ఉన్నట్టు తోస్తుంది. బడిలో ఒకే పేరుగల పిల్లలు ఇద్దరుంటే పిల్లలు పెద్దగా పట్టించుకోరు, పట్టించుకునేది మనమే. ఈ ఒక్క కారణంతో పేరు మార్చడం నాకు అంత సబబుగా తోచదు.

కొన్నిసార్లు పేరు మారదు, దాని చుట్టూ ఉన్న లోకం మారుతుంది. 2014లో అమెజాన్ సంస్థ తన మాటలాడే పరికరానికి అలెక్సా అని పేరు పెట్టింది. అప్పటివరకు అమెరికాలో ఎంతో ఆదరణ ఉన్న ఆ పేరును ఆ తరువాతి సంవత్సరాలలో బిడ్డలకు పెట్టేవారు బాగా తగ్గిపోయారు. అప్పటికే ఆ పేరున్న పిల్లలను తోటివారు యంత్రానికి ఆజ్ఞాపించినట్టు ఆటపట్టించడం మొదలైంది. ఇలాంటి కారణం అసలైనది, మీ చేతిలో లేనిది, కొన్నేళ్లలో పోతుందని చెప్పలేనిది. మరొక భాషలో ఆ పేరుకు బూతు అర్థం ఉందని తెలియడం, ఏదో నేరంతో ఆ పేరు ముడిపడిపోవడం కూడా ఈ కోవలోవే. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆ అర్థం బిడ్డ పెరగబోయే చోట మనుషులకు తెలుస్తుందా? ఎక్కడో దూరదేశపు భాషలో ఉన్న చెడ్డ అర్థం గురించి నిద్ర పాడుచేసుకోనక్కరలేదు.

ఇవన్నీ పైకి చెప్పుకోగల కారణాలు. చెప్పుకోలేనివి రెండున్నాయి, నా దృష్టిలో ఎక్కువ సందర్భాలలో కాగితం మీద చివరకు తేలేవి ఆ రెండే. మొదటిది, "ఈ పేరు నేను పెట్టలేదు, నాచేత ఒప్పించారు" అన్నది. జీవిత భాగస్వామి పట్టుపట్టి ఉండవచ్చు, పెద్దవారు తమ పేరు నిలబెట్టమని కోరి ఉండవచ్చు, ఆసుపత్రిలో నీరసంగా ఉన్న సమయంలో "సరే" అనేసి ఉండవచ్చు. అప్పుడు నచ్చనిది పేరు కాదు, ఆ "సరే" అన్న ఘడియ. దీన్ని గుర్తుపట్టడానికి ఒక మార్గం ఉంది: అదే పేరును మీరే సొంతంగా, ఎవరి బలవంతం లేకుండా ఎంచుకుని ఉంటే నచ్చేదా అని ప్రశ్నించుకోండి. నచ్చేదే అనిపిస్తే, మార్చవలసింది పేరు కాదు, మాట్లాడవలసింది ఆ రోజు గురించి. ఆ సంభాషణ జరగకుండా పేరు మార్చినా, కొత్త పేరు మీద కూడా అదే మనస్తాపం వచ్చి కూర్చుంటుంది.

రెండవది, వదిలేసిన పేరు. జాబితాలో చివరివరకు నిలిచి ఓడిపోయిన పేరు ఒకటి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దానికి ఒక అన్యాయమైన అనుకూలత ఉంది: దాన్ని ఎవరూ తప్పుగా రాయలేదు, దాన్ని విని ఎవరూ ముఖం చిట్లించలేదు, రాత్రి మూడు గంటలకు ఏడుస్తున్న బిడ్డను ఆ పేరుతో ఎవరూ బతిమాలలేదు. వాడని పేరుకు మరకలుండవు. పెట్టిన పేరును నిజజీవితంతోనూ, వదిలేసిన పేరును ఊహతోనూ పోల్చితే ఏది గెలుస్తుందో చెప్పనక్కరలేదు. అందుకే ఆ రెండవ పేరును కూడా నేలమీదికి దించాలి.

కొత్త పేరును వాడి చూడండి

ఒక వారంపాటు ఇంట్లో తల్లిదండ్రులిద్దరే ఉన్నప్పుడు బిడ్డను ఆ రెండవ పేరుతో పిలవండి. స్నానం చేయిస్తున్నప్పుడు, నిద్రపుచ్చుతున్నప్పుడు, విసుగు వచ్చినప్పుడు కూడా దానితోనే పిలవండి. పక్క గదిలోనుంచి గొంతెత్తి పిలిచి చూడండి. కాగితం మీద ముచ్చటైన పేర్లు కొన్ని కేకగా మారితే విరిగిపోతాయి. ఇంటిపేరుతో కలిపి పూర్తిగా పలకండి, పొడి అక్షరాలు పక్కపక్కన రాసి ఏదైనా అపార్థపు పదం వస్తున్నదేమో చూడండి. మీరు వాడే భాషలన్నింటిలోనూ, లిపులన్నింటిలోనూ రాయండి. ఫోనులో తెలియనివారికి చెబుతున్నట్టు ఒక్కొక్క అక్షరం చెప్పి చూడండి. ఆసుపత్రి వరండాలో నర్సు ఆ పేరు గట్టిగా పిలిచినట్టు, ఎదిగిన మనిషి ఆ పేరుతో తనను తాను పరిచయం చేసుకుంటున్నట్టు ఊహించుకోండి.

ఆ వారం గడిచాక రెండు విషయాలలో ఒకటి తెలుస్తుంది. ఒకటి, నాలుగో రోజుకే మీకు తెలియకుండా పాత పేరు నోటికి వచ్చేస్తూ ఉంటుంది; అది తప్పు అనిపించదు కూడా. అలా జరిగితే పాత పేరు ఇప్పటికే ఆ బిడ్డది అయిపోయిందన్నమాట. రెండు, కొత్త పేరుతో పిలిచిన ప్రతిసారీ మీ గొంతు తేలికపడుతుంది, ఇద్దరిలో రెండవవారు కూడా అడగకుండానే ఆ పేరు వాడటం మొదలుపెడతారు. అలా జరిగితే మార్పు గురించి గట్టిగా ఆలోచించవలసిందే. వారం చివర కొత్త పేరు కూడా చప్పగా తోచి, మూడవ పేరు కోసం వెతుకులాట మొదలైతే మాత్రం, మీ అసంతృప్తి పేరు గురించినది కాదని దాదాపుగా ఖాయం.

ఈ పరీక్ష జరిగినన్నాళ్లూ మూడో మనిషికి చెప్పవద్దు. పదిమందిని అడిగితే పది పేర్లు వస్తాయి, పైగా "పాత పేరే బాగుంది" అన్నవారి మాటా, "మొదటినుంచీ నాకు నచ్చలేదు" అన్నవారి మాటా జీవితాంతం గుర్తుండిపోతాయి. అంతగా కావాలనుకుంటే, ముఖస్తుతి చెప్పని ఒక్క మనిషిని ఎంచుకుని వారితో మాత్రమే మాట్లాడండి.

ఇద్దరి మధ్య మాట

సందేహం సాధారణంగా ఇద్దరికీ ఒకేసారి రాదు. వచ్చినవారు దాన్ని వారాల తరబడి దాచి, చివరికి ఏదో చిన్న గొడవలో "ఆ పేరు కూడా నీ ఇష్టమే కదా" అని విసిరితే, ఇక మాట పేరు గురించి సాగదు. బిడ్డ నిద్రపోయిన వేళ, మరే తగువూ లేని రోజు చూసి, తప్పు ఎవరిదన్న ఊసు లేకుండా మొదలుపెట్టండి: "పాప పేరు నాకు ఇంకా నోట పలకడం లేదు. నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. మార్చాలని ఇప్పుడే అనడం లేదు, ఒకసారి కలిసి ఆలోచిద్దాం." వినేవారికి నా సలహా ఒకటే: ఆ రోజు జవాబు చెప్పకండి. "ఇప్పుడా చెప్పేది?" అన్న మాట నాలుక చివరికి వచ్చినా మింగండి. పేరు పెట్టినవారికి ఆ పేరును కాదనడం తమనే కాదన్నట్టు తగులుతుంది. ఆ నొప్పి చల్లారడానికి రెండు రోజులు పడుతుంది.

ఒకరికి ప్రాణమైన పేరు మరొకరికి అస్సలు నచ్చనప్పుడు ఓటు వేసి తేల్చడం సాధ్యం కాదు. అలాంటప్పుడు ఒకరి జాబితాలోని పేరును మరొకరి జాబితాలోని పేరుతో మార్చకుండా, ఇద్దరూ ఇంతకుముందు తలచని పేరును వెతకడం మేలు. గెలుపోటములు లేని పేరు అయితే ఇద్దరి నోటా ఒకేలా పలుకుతుంది. బిడ్డకు పెద్దవారి పేరు పెట్టి ఉంటే, మార్పు గురించి అందరికంటే ముందు ఆ పెద్దవారికే, అదీ ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆ పేరును పూర్తిగా తీసివేయకుండా రెండవ పేరుగా ఉంచగలిగితే ఆ సంభాషణ సగం తేలికవుతుంది.

గడువు పెట్టుకోవడం

ఇది ఈ వ్యవహారంలో అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు, అందరూ దాటేసేది కూడా ఇదే. డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, విద్యార్థులు తాము తీసిన ఫోటోలలో రెండింటిని అచ్చు వేసి, వాటిలో ఒకదాన్ని మాత్రమే ఉంచుకోవాలి. కొందరికి ఆ ఎంపికే ఆఖరిదని చెప్పారు. మరికొందరికి కొద్దిరోజులలో మనసు మార్చుకుంటే రెండవదాన్ని తీసుకోవచ్చునని చెప్పారు. చివరికి తమ ఫోటో ఎక్కువ నచ్చింది మార్చుకునే వీలు లేనివారికే. మార్చుకునే వీలున్నవారు ఆ వీలును వదులుకోలేక, ఉన్నదానితో రాజీపడలేక మధ్యలో ఉండిపోయారు. వింత ఏమిటంటే, మార్చుకునే అవకాశం ఉంటే తమ సంతృప్తి తగ్గుతుందని మనుషులు ముందుగా ఊహించలేరు. అవకాశం ఉండటమే మంచిదనుకుంటారు.

బిడ్డ పేరు విషయంలోనూ ఇదే జరుగుతుంది. "కావాలంటే తరువాత మార్చుకోవచ్చు" అన్న ఓదార్పు మాట, ఉన్న పేరుతో మనసు ముడిపడకుండా అడ్డుకుంటుంది. కనుక ఇద్దరూ కలిసి ఒక తేదీ నిర్ణయించుకోండి. ఆ తేదీ నాటికి మార్చడానికి ఒప్పందం కుదరకపోతే ఉన్న పేరే ఆఖరిదని ముందుగానే మాట అనుకోండి. ఆరు వారాలనుంచి మూడు నెలల మధ్య గడువు చాలునని నా అంచనా. అంతకంటే పొడిగిస్తే ఆలోచన కొత్తగా ముందుకు సాగదు, ఉన్నచోటే తిరుగుతుంది.

బిడ్డ వైపునుంచి చూస్తే తొందర ఎంత? పీటర్ జ్యుజిక్ తదితరులు 1995లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నాలుగున్నర నెలల వయసుకే శిశువులు ఇతర పేర్లకంటే తమ పేరును ఎక్కువసేపు వింటారు, పలికేటప్పుడు అక్షరాలను నొక్కే తీరు అలాగే ఉన్న మరొక పేరు వినిపించినా తేడా గుర్తిస్తారు. ఆ పేరు తమదేనన్న స్పృహ అప్పటికే ఉంటుందని చెప్పలేం. ఆ శబ్దం మాత్రం వారికి పరిచయమైపోతుంది. దీన్ని చూసి నాలుగున్నర నెలలు దాటితే బిడ్డకు హాని జరుగుతుందని భయపడనక్కరలేదు. ఎనిమిదో నెలలో మార్చినా, ఇంట్లో అందరూ ఒకే పేరుతో పిలిస్తే శిశువు దానికి అలవాటు పడుతుంది. కొన్నాళ్లు రెండు పేర్లనూ కలిపి పిలిచి, ఆ తరువాత పాతదాన్ని వదిలేయవచ్చు. పేరు అడిగితే తానే చెప్పగలిగే వయసు వచ్చాక లెక్క మారుతుంది. అప్పుడు ఆ పేరు మీరిచ్చిన వస్తువు కాదు, బిడ్డ సొంత ఆస్తి. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 7వ అధికరణం పుట్టుకనుంచే పేరు కలిగి ఉండే హక్కునూ, 8వ అధికరణం పేరుతో సహా తన గుర్తింపును నిలుపుకునే హక్కునూ, 12వ అధికరణం తనకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కునూ బిడ్డకు ఇచ్చాయి. నాలుగైదేళ్ల బిడ్డను అడగకుండా పేరు మార్చడం నా మటుకు నాకు తప్పుగానే తోస్తుంది, పేరు వల్ల బిడ్డకు నిజంగా బాధ కలుగుతుంటే తప్ప. అలాంటి బాధ లేకపోలేదు: 2008లో న్యూజిలాండ్‌లో ఒక కుటుంబ న్యాయస్థానం, స్నేహితులకు తన అసలు పేరు చెప్పుకోలేకపోయిన తొమ్మిదేళ్ల బాలికను పేరు మార్పు జరిగేందుకు వీలుగా తన సంరక్షణలోకి తీసుకున్నది.

పేరంతా మార్చనక్కరలేని దారులు

కాగితం మీద తేలిన వాక్యం చిన్నదైతే మందు కూడా చిన్నదే చాలు. పలకడం సమస్య అయితే అక్షరక్రమం మాత్రం మార్చవచ్చు. పొడుగు సమస్య అయితే పేరులోనుంచే ఒక పిలుపు పేరు తీసుకుని దాన్నే అందరికీ చెప్పవచ్చు. రెండు పేర్లు పెట్టి ఉంటే వాటి వరుస తారుమారు చేయడం, ఒకే పేరు ఉంటే మరొకటి చేర్చడం కూడా చాలాచోట్ల పూర్తి మార్పుకంటే సులువు. అయితే రాతలో ఒక పేరు, పిలుపులో దానితో పొంతన లేని మరొక పేరు శాశ్వతంగా నడపడాన్ని నేను సిఫారసు చేయను. చిన్నప్పుడు ముచ్చటగానే ఉంటుంది. బడిలో హాజరు పిలిచిన మొదటి రోజున, అది తన పేరేనని తెలియక పలకని బిడ్డ ఇబ్బంది మాత్రం తరువాత ఎదురవుతుంది.

మార్చాలని తేలితే

మొదట చూడవలసింది మీరున్న చోటి జనన నమోదు కార్యాలయం నిబంధనలు. జననం నమోదు కాకముందు, నమోదై పేరు చేర్చకముందు, పేరు చేర్చిన తరువాత అన్న మూడు దశలలో పని కష్టం వేరువేరుగా ఉంటుంది. భారతదేశంలో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పేరు లేకుండానే జననాన్ని నమోదు చేసి, పేరును తరువాత చేర్చుకునే వీలు కల్పించింది. నియమాల ప్రకారం 12 నెలల వరకు రుసుము లేకుండానూ, ఆ తరువాత 15 సంవత్సరాల వరకు రుసుముతోనూ చేర్చవచ్చు. కాని ఇది పేరు చేర్చడానికి, ఒకసారి చేర్చిన పేరును మార్చడానికి కాదు. ఇంగ్లాండ్, వేల్స్‌లలో నమోదైన 12 నెలలలోపు వాడుకలోకి వచ్చిన కొత్త పేరును జనన నమోదులోనే చేర్పించుకోవచ్చు. ఫ్రాన్స్‌లో 2016 నాటి చట్టం తరువాత పేరు మార్పు దరఖాస్తును పురపాలక కార్యాలయంలోనే ఇస్తున్నారు, 13 ఏళ్లు దాటిన పిల్లల సమ్మతి తప్పనిసరి. దేశానికొక తీరు ఉన్నా తెలుసుకోవలసిన ప్రశ్నలు ఒకటే: గడువు ఎంత, తల్లిదండ్రులిద్దరి సంతకాలు కావాలా, కొత్త ధ్రువపత్రం ఇస్తారా లేక పాతదాని మీదే సవరణ రాస్తారా, న్యాయస్థానానికి వెళ్లాలా.

కాగితాలలో క్రమం ముఖ్యం. జనన ధ్రువపత్రం మారిన తరువాతే మిగతావి మార్చాలి. దాన్ని వదిలి టీకాల కార్డులో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు, బీమాలో మరొక పేరు పెట్టుకుంటే ఆ మూడు పేర్లూ ఒకే బిడ్డవని నిరూపించే పని ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఎక్కడెక్కడ ఆ పేరు రాశారో ముందుగా ఒక జాబితా వేయండి. కొత్తది వచ్చినా పాత పత్రాన్నీ, మార్పును ధ్రువీకరించే ఉత్తర్వునూ పారవేయవద్దు. సందేహం మొదలైన రోజే మరొక పని చేయవచ్చు: తొందర లేని కాగితాలను, అంటే పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా వంటివాటిని, గడువు తేదీ దాటేవరకు ఆపండి. జనన నమోదును మాత్రం ఆపవద్దు; దానికి చట్టం పెట్టిన గడువు ఉంటుంది.

బంధుమిత్రులకు చెప్పడం చాలామంది భయపడినంత కష్టం కాదు. కొత్త పేరు పూర్తిగా ఖాయమయ్యాకే చెప్పండి. అమెరికన్ ప్రముఖురాలు కైలీ జెన్నర్ తన కుమారుడి మొదటి పేరు ఇక లేదని 2022 మార్చిలో ప్రకటించి, కొత్త పేరును 2023 జనవరిలో గాని వెల్లడించలేదు. ఆ పది నెలలూ లోకం ఊహాగానాలతో కాలక్షేపం చేసింది. మనకు అంత లోకం లేకపోయినా, ఒక పెద్ద కుటుంబం ఆ పనికి చాలు. రెండు వాక్యాల సందేశం సరిపోతుంది: "పాప పేరు మార్చాం. ఇకనుంచి ఈ పేరుతో పిలవండి." కారణం రాయకండి, కారణం రాస్తే చర్చ మొదలవుతుంది. పాత పేరుతోనే పిలిచేవారిని కొన్ని నెలలు ఓపికగా సరిదిద్దండి, కసురుకోకండి. పాత పేరు అల్లిన దుప్పటిని, చెక్కించిన వస్తువును దాచిపెట్టండి. పెద్దయ్యాక బిడ్డ వాటిని చూసి అడిగితే జరిగింది జరిగినట్టే చెప్పండి. మరొకరి నోట వినడంకంటే అది ఎంతో నయం.

ఉంచాలని తేలితే

గడువు దాటాక పేరు ఉంచాలనుకున్నవారు ఆ నిర్ణయాన్ని కూడా ఒక పనిగా చేయాలి, ఊరికే వదిలేయకూడదు. ఫోనులో దాచుకున్న పేర్ల జాబితాను తుడిచివేయండి. ఆగిన కాగితాలు నింపండి. "ఇంకా అలవాటు కాలేదండీ" అన్న సంజాయిషీ మానేసి, ఎవరైనా అడిగినప్పుడు పేరు ఒక్కటే చెప్పి ఆగండి. మొదటి పదిసార్లు ఇది ప్రయత్నపూర్వకంగా చేయవలసి వస్తుంది. మీరు ఆ పేరును ఎందుకు ఎంచుకున్నారో, ఆ రోజు ఎవరెవరున్నారో, ఏ పేరుతో పోటీ పడి ఇది నిలిచిందో గుర్తున్నంతవరకు రాసిపెట్టండి. పిల్లలు తమ పేరు కథను అడిగే వయసు ఒకటి వస్తుంది, అప్పటికి మీకు సగం మరచిపోయి ఉంటుంది.

వదిలేసిన ఆ రెండవ పేరును తెలిసినవారెవరో తమ బిడ్డకు పెట్టారని వింటే ఆ రోజు మనసు కొంచెం కలుక్కుమంటుంది. అప్పుడు ఒక సంగతి గుర్తుచేసుకోండి. బెల్జియం మనస్తత్వ శాస్త్రవేత్త జోసెఫ్ నుటిన్ 1985లో చూపినట్టుగా, మనుషులు మిగతా అక్షరాలకంటే తమ పేరులో ఉన్న అక్షరాలనే, ఎందుకో తెలియకుండానే, ఎక్కువగా ఇష్టపడతారు. మీరు ఇన్ని నెలలు తూచిన ఆ పేరులోని అక్షరాల మీద మీ బిడ్డకు అలాంటి ఇష్టమే ఏర్పడవచ్చు. వెళ్లి ఆ ఇంటి బిడ్డను ఆ పేరుతో పిలిచి, ముద్దాడి రండి. ఇంటికి వచ్చాక మీ బిడ్డను గుమ్మంలోనుంచే పేరు పెట్టి పిలవండి.